డెబ్బై అయిదు దాటినవాళ్ళు

మా అన్నయ్య పైడిరాజు నలభై ఆరేళ్ళ జీవితంలో ఒక్కసారి కూడా కడుపు నిండి కంచం ముందు నుంచి లేవలేదు. ఆ సంగతి చాలాకాలం మాకు తెలియలేదు. అన్నయ్య చెప్పేవాడు, మేమే నమ్మేవాళ్ళం కాదు.

చిన్నప్పుడు రెండు మార్లు అన్నం పెట్టించుకున్నాక కూడా "ఇంకా ఆకలేస్తందమ్మా" అనేవాడు. అమ్మ నవ్వేసి గిన్నె మూత పెట్టేసేది. బడిలో తిండిపోతు అని పేరు పెట్టారు. పెళ్ళయ్యాక ఈశ్వరి వదిన వంటింటి అలమారాకి తాళం వేసి, తాళంచెవి కొంగున కట్టుకుని తిరిగేది. ఆవిడది కోపం కాదు, భయం.

అన్నయ్య విశాఖపట్నంలో సిటీ బస్సు డ్రైవరు. నలభై దాటేసరికి నూట అరవై ఎనిమిది కిలోలయ్యాడు. స్టీరింగు పొట్టకి ఒరుసుకునేది. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చేది. దాంతో నిద్ర చాలక పగలు తూగేవాడు. ఒకరోజు కొత్తరోడ్డు కూడలిలో ఎర్రలైటు పడి బస్సు ఆగింది. పచ్చలైటు వచ్చినా కదల్లేదు. కండక్టరు వచ్చి చూస్తే అన్నయ్య స్టీరింగు మీద తల వాల్చి నిద్రపోతున్నాడు. ఎవరికీ ఏమీ కాలేదు గానీ, మర్నాటి నుంచి అన్నయ్యని బస్సు ఎక్కనివ్వలేదు. డిపోలో విడిభాగాల గదిలో కూర్చోబెట్టారు.

అప్పుడే డాక్టర్ ఇర్ఫాన్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన పరీక్షలన్నీ చేయించి, కాగితాలు పక్కన పెట్టి, అన్నయ్య ముఖంలోకి చూస్తూ చెప్పాడు.

"రాజు గారూ, మీ ఒంటికి ఇంక పథ్యాలు చాలవు. పొట్ట చిన్నది చేసే ఆపరేషన్ ఒక్కటే దారి. అది చెయ్యకపోతే మీ గుండె ఎంతకాలం లాగుతుందో నేను చెప్పలేను."

ఉద్యోగం తరఫున ఆశ్రయ బీమా సంస్థలో అన్నయ్యకి పాలసీ ఉంది. వాళ్ళు అనుమతిస్తే ఆపరేషన్ అవుతుంది. కాగితాలు పంపాం. మూడు వారాలకి జవాబు వచ్చింది. "దరఖాస్తుదారు ఆహార నియంత్రణకు తగిన ప్రయత్నం చేసినట్టు ఆధారాలు లేవు. అనుమతి నిరాకరించడమైనది."

అన్నయ్య ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఆధారమంటే ఏటి తెమ్మంటారే హైమా? ఆకలేస్తే నోరు మూసుకుని కూసున్నానని సాక్షి ఎవుడుంటాడు?"

నేను జీవరసాయన శాస్త్రం చదివి, మధురవాడ కొండ మీద ఒక పరిశోధనాలయంలో పనిచేస్తున్నాను. జ్వరాన్ని కొలుస్తాం, రక్తపోటు కొలుస్తాం. ఆకలిని కొలిచే సాధనం మాత్రం ఎక్కడా లేదు. ఎవరి ఆకలి ఎంతో వాళ్ళు చెబితేనే తెలియాలి. లావుగా ఉన్నవాళ్ళు చెబితే ఎవరూ నమ్మరు.

ఆ సాధనం తయారుచేయడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది.

చూడటానికి చొక్కా బొత్తామంత ఉంటుంది. మోచేతి కింద అతికించుకుంటే, వెంట్రుక కన్నా సన్నని సూదులు చర్మంలోకి దిగుతాయి. ఆకలి వేస్తోందని పేగులు మెదడుకి పంపే రసాయనాలనీ, ఇక చాలని పంపే వాటినీ ఒక్కొక్క నిమిషానికీ కొలిచి, ఫోనులో ఒక అంకె చూపిస్తుంది. సున్నా అంటే కడుపు నిండింది. నూరు అంటే భరించలేని ఆకలి. ప్రయోగశాలలో దానికి పొడుగాటి పేరు ఉండేది. మేమంతా ఆకలి బిళ్ళ అనేవాళ్ళం.

ఒక ఆదివారం మధ్యాహ్నం మూడు బిళ్ళలు పట్టుకుని పెందుర్తిలో అన్నయ్య ఇంటికి వెళ్ళాను. ముగ్గురం తలా ఒకటి పెట్టుకుని భోజనానికి కూర్చున్నాం. వదిన వంకాయ కూరా, చేపల పులుసూ చేసింది. కూర్చునేటప్పుడు నా అంకె అరవై రెండు, వదినది యాభై ఎనిమిది, అన్నయ్యది తొంభై ఒకటి. తిన్న అరగంటకి నాది తొమ్మిదికి పడిపోయింది, వదినది పన్నెండుకి. అన్నయ్యది ఎనభై నాలుగు దగ్గర ఆగింది.

"ఇదేటి, మిషను పాడయిపోనాదా?" అన్నాడు అన్నయ్య.

బిళ్ళ మార్చాను. ఎనభై నాలుగే. ఇంకొంచెం అన్నం పెట్టమన్నాను. తిన్నాడు. ఎనభై మూడు. మళ్ళీ పెట్టించాను. ఎనభై మూడే. అన్నయ్యకి ఆయాసం వచ్చి ఇక తినలేక ఆగిపోయాడు, అంకె మాత్రం కదల్లేదు. అతని పేగులు కడుపు నిండిన కబురు మెదడుకి పంపడం లేదు. పుట్టినప్పటి నుంచీ పంపలేదు.

నేను చెప్పింది వదినకి అర్థం కావడానికి కాస్త సేపు పట్టింది. అర్థమయ్యాక ఎంగిలి చేత్తోనే కూర్చుండిపోయింది.

"పద్దెనిమిదేళ్ళ నుంచి నా సేతి కూడు తిని ఆకలితోనే లెగుస్తన్నావా?" అంది.

"మరి సెప్పేవోణ్ణి కదే" అన్నాడు అన్నయ్య.

చెప్పి నవ్వాడు. వదిన కొంగు ముడి విప్పి తాళంచెవి తీసి కంచం పక్కన పెట్టింది. ఆవిడ ఏడుస్తుంటే అన్నయ్యే ఓదార్చాడు. ఆ రోజు అన్నయ్య ముఖంలో నేనెప్పుడూ చూడని తృప్తి ఒకటి ఉంది. ఇన్నాళ్ళకి తన మాట నిజమని తేలింది.

తర్వాత ఆరు నెలలు అన్నయ్య బిళ్ళ తీయకుండా డాక్టర్ ఇర్ఫాన్ రాసిచ్చిన పథ్యం చేశాడు. పొద్దున రాగిపిండితో కాచిన చోడి అంబలి, మధ్యాహ్నం కీరా ముక్కలూ ఉడకబెట్టిన గుడ్లూ, సాయంత్రం ఆవిరి మీద ఉడికించిన కూరలు. నా ఫోనులో అతని అంకె పొద్దస్తమానం తొంభైకి అటూ ఇటూ ఉండేది. మామూలు మనిషి రెండు రోజులు పస్తుంటే తప్ప ఆ అంకె రాదు. అన్నయ్య ఆ ఆకలితో డిపోకి వెళ్ళి, నట్లూ బోల్టులూ లెక్కపెట్టి, తోటివాళ్ళతో జోకులేసి ఇంటికి వచ్చేవాడు. పదకొండు కిలోలు తగ్గాడు. ఈసారి ఆధారం లేదనడానికి వీల్లేదు, నిమిష నిమిషానికీ ఉంది. మళ్ళీ దరఖాస్తు పెట్టాం.

ఆ ఆరు నెలల్లోనే నేను ఇంకో పని చేశాను. గతంలో ఆపరేషన్ కోసమని డాక్టర్ ఇర్ఫాన్ ఆసుపత్రికి వచ్చిన నాలుగు వందల మంది రక్తం నమూనాలు అక్కడ శీతల పెట్టెల్లో దాచి ఉన్నాయి. మొదటిసారి వెళ్ళినప్పటి అన్నయ్య రక్తం కూడా అందులోనే ఉంది. వాటన్నిటిలోనూ అవే రసాయనాలు కొలిచి, ఆకలి అంకె లెక్కకట్టి, ఆ తర్వాత వాళ్ళకి ఏమైందో ఆసుపత్రి రికార్డుల్లో చూసి నివేదిక రాశాను. అందులో పదిహేడో పట్టిక కింద ఒక వాక్యం ఉంది. "ఆకలి అంకె డెబ్బై అయిదు దాటినవారిలో ఎక్కువమంది, ఆపరేషన్ తర్వాత తగ్గిన బరువులో సగం మూడేళ్ళలో తిరిగి పెరిగారు." అది నిజం. ఆ నిజం రాయడం నా పని అనుకున్నాను. వీళ్ళకి ఆపరేషన్ ఒక్కటే చాలదు, తర్వాత మందులు కూడా ఇవ్వాలి అన్నది నా ఉద్దేశం. మా డైరెక్టర్ ఆ నివేదికనీ బిళ్ళనీ ఆశ్రయ సంస్థకి చూపించారు. వాళ్ళు ముచ్చటపడి, ఇక మీద ప్రతి దరఖాస్తుకీ బిళ్ళ తప్పనిసరి అన్నారు. ప్రయోగశాలలో అందరికీ మిఠాయిలు పంచారు. నేనూ తిన్నాను.

రెండో దరఖాస్తుకి జవాబు వచ్చిన రోజు, అన్నయ్య ఆ కాగితాన్ని డిపో నుంచి నేరుగా నా దగ్గరికి పట్టుకొచ్చాడు.

"దరఖాస్తుదారు ప్రయత్నం సంతృప్తికరం. అయితే ఆకలి అంకె సగటు 90. అంకె 75 దాటినవారికి ఈ శస్త్రచికిత్స వల్ల నిలకడైన ప్రయోజనం లేదని పరిశోధనలో తేలినందున అనుమతి నిరాకరించడమైనది. ఆధారం: పట్టిక 17."

"పట్టిక పదిహేడంటే ఏటే?" అని అడిగాడు అన్నయ్య.

"నేను రాసిందే అన్నయ్యా" అన్నాను.

అన్నయ్య కాగితం మళ్ళీ తిప్పి చూసుకున్నాడు. "తప్పు రాసీసావా?"

"లేదు. నిజమే రాశాను."

"మరింకేటి, నిజం రాస్తే నిన్నేటంటాం" అని నా బల్ల మీదున్న సీసాలో నీళ్ళు తాగాడు.

నేను అప్పటికే ఒకటి ఆలోచించి పెట్టుకున్నాను. తలుపు దగ్గరికి వేసి చెప్పాను. "అన్నయ్యా, మళ్ళీ దరఖాస్తు పెడదాం. నీ పేరుతో ఉన్న బిళ్ళ నెల రోజులు నా చేతికి పెట్టుకుంటాను. అంకె నలభై లోపు వస్తుంది. అది ఎవరి ఒంటి మీద ఉందో వాళ్ళకి తెలియదు."

అన్నయ్య నీళ్ళ సీసా తిరిగి బల్ల మీద పెట్టేశాడు.

"ఒద్దు హైమా."

"ఎందుకొద్దు? నీ ప్రాణం కదా!"

"నలభై ఆరేళ్ళకి నా ఆకలి నిజమని నీ మిషనొక్కటే సెప్పింది. మళ్ళీ నువ్వే అది అబద్ధమని రాస్తానంటావేటి? మీ వదిన తాళం తీసీసింది. ఇప్పుడు దానికేటి సెప్పమంటావు, అబద్ధమాడి నలభై అన్నానని సెప్పమంటావా? నాకొద్దు."

నేను బతిమాలాను, అరిచాను. అతను లేచి, బయటి మెట్లు మెల్లగా దిగి వెళ్ళిపోయాడు. కిటికీలోంచి చూస్తుంటే మూడు అంతస్తులకీ నాలుగుసార్లు ఆగాడు.

మర్నాడు సిరిపురంలో ఆశ్రయ కార్యాలయానికి వెళ్ళాను. అనుమతులు చూసే డాక్టర్ కుముద యాభై ఏళ్ళ మనిషి. నన్ను మర్యాదగానే కూర్చోబెట్టింది.

"హైమావతి గారూ, ఈ హద్దు మేం కనిపెట్టింది కాదు కదండీ. మీ పట్టికే."

"బరువు పెరిగారని రాశాను. ఆపరేషన్ ఇవ్వొద్దని రాయలేదు."

"బరువు మళ్ళీ పెరిగితే ఆపరేషన్ పనిచెయ్యనట్టే కదా. పనిచెయ్యనిదానికి అనుమతి ఎలా ఇస్తాం?"

"బరువు పెరిగినా బతికే ఉంటే?"

ఆవిడ రాస్తున్న పెన్ను ఆపింది. "అది లెక్కించారా?"

"లేదు."

"లెక్కించి తీసుకురండి. డెబ్బై అయిదు దాటినవాళ్ళలో ఆపరేషన్ అయినవాళ్ళూ, కానివాళ్ళూ ఐదేళ్ళ తర్వాత ఎంతమంది బతికి ఉన్నారో చూపించండి. తేడా కాకతాళీయం కాదని తేలాలి. సందేహం నూటికి అయిదు పాళ్ళ లోపు ఉండాలి, అందరికీ అదే నియమం. అలా ఉంటే కమిటీ ముందు నేనే పెడతాను."

ఆవిడ మాటలో మోసం లేదు.

డెబ్బై అయిదు దాటినవాళ్ళు నూట డెబ్బై మంది తేలారు. నూట పన్నెండు మందికి ఆపరేషన్ అయింది. యాభై ఎనిమిది మందికి కాలేదు, ఆ యాభై ఎనిమిది మందిలో అన్నయ్య ఒకడు. ఆసుపత్రి రికార్డుల్లో బరువులున్నాయి గానీ, ఎవరు బతికున్నారో లేదో లేదు. ఆసుపత్రి అనుమతి తీసుకుని ఫోన్లు మొదలుపెట్టాను. వదిన నేనూ చేస్తానంది. రోజూ ఇంటి పని అయ్యాక ప్రయోగశాలకి వచ్చి నా పక్కన కూర్చుని చేసేది.

నాకంటే ఆవిడే బాగా మాట్లాడేది. "మా ఆయనకీ ఇలాగే నేదన్నారమ్మా" అని మొదలుపెట్టగానే అవతలివాళ్ళు మనసు విప్పేవారు. కొన్ని ఫోన్లు మరొకరు ఎత్తేవారు. అప్పుడు వదిన గొంతు తగ్గించి, "ఎప్పుడు పోయారమ్మా?" అని అడిగి, తేదీ రాసుకునేది. ఫోను పెట్టేశాక కాసేపు చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చుని, మళ్ళీ తర్వాతి నంబరు కొట్టేది.

నాలుగు నెలలకి లెక్క తయారైంది. ఆపరేషన్ అయిన నూట పన్నెండు మందిలో ఆరుగురు పోయారు. ఆపరేషన్ జరగని యాభై ఎనిమిది మందిలో ఎనిమిది మంది పోయారు. మా గణాంకాల నిపుణురాలు ఫిలోమినా అంకెలు వేసి చూసి తల అడ్డంగా ఊపింది.

"తేడా ఉంది హైమా. చాలదు. కాకతాళీయంగా ఇంత తేడా వచ్చే అవకాశం నూటికి అయిదు పాళ్ళ మీద ఇంకా కొంచెం ఉంది. నలుగురికి ఆసుపత్రికి వచ్చి ఐదేళ్ళు నిండలేదు కదా, అవి కూడా నిండనీ. అప్పటిదాకా ఆగుదాం."

"ఆగితే ఏమవుతుంది?" అన్నాను.

ఆమె పట్టికలో తేదీ లేకుండా ఖాళీగా ఉన్న నాలుగు గడులు వేలితో చూపించింది. ఐదేళ్ళు నిండని ఆ నలుగురూ ఆపరేషన్ కానివాళ్ళే. అందులో అన్నయ్య కూడా ఉన్నాడు. అతనికి ఇంకా రెండు నెలలుంది.

లెక్క ఎంతవరకు వచ్చిందని అన్నయ్య అడిగితే, ఇంకా పూర్తి కాలేదని చెప్పాను. అతను బిళ్ళా తీయలేదు, పథ్యమూ మానలేదు.

అది ఫిబ్రవరి నెల, బుధవారం. మధ్యాహ్నం రెండు కావస్తోంది. ప్రయోగశాలలో పని చేసుకుంటూ అలవాటు కొద్దీ ఫోను చూశాను. అన్నయ్య అంకె డెబ్బై ఎనిమిది అని ఉంది. ఎప్పుడూ ఎనభై కిందికి రానిది డెబ్బై ఎనిమిదికి వచ్చింది. చూస్తుండగానే డెబ్బై అయింది. తర్వాత అరవై నాలుగు.

"ఫిలోమినా, ఇటు రా! అన్నయ్యకి ఆకలి తగ్గుతోంది!" అని కేక వేశాను.

ఆమె పరుగున వచ్చింది. ఇద్దరం కలిసి చూశాం. యాభై. నలభై రెండు. ఏం తిన్నాడో, ఏ మందు వేసుకున్నాడో, ఒంట్లో ఏం మారిందో అని నా బుర్ర పరుగులు పెడుతోంది. అన్నయ్య మొదటిసారి కడుపు నిండడం అంటే ఏమిటో తెలుసుకుంటున్నాడని నాకు ఒళ్ళు పులకరించింది. నాలుగు నిమిషాలు, మహా అయితే అయిదు నిమిషాలు, నేను అంత సంతోషంగా ఉన్నాను.

ఫిలోమినా నా భుజం మీద చెయ్యి వేసింది. "హైమా, ముందు ఫోన్ చెయ్యి."

ఆమె గొంతు విన్నాక నాకు అర్థమైంది. పేగులు రసాయనాలు పంపడం మానేస్తే అంకె అలాగే దిగుతుంది. అవి మానేసేది ఒక్కప్పుడే. ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. డిపో నంబరుకి చేస్తే ఎవరో వెళ్ళి చూసి వచ్చారు. మధ్యాహ్నం కీరా ముక్కలు తిని, డబ్బా మూత పెట్టి, కుర్చీలో వెనక్కి వాలాడట. రోజూ లాగే కునుకు తీస్తున్నాడనుకుని ఎవరూ లేపలేదట.

ఆటోలో డిపోకి వెళ్తున్నంతసేపూ ఫోను నా చేతిలోనే ఉంది. నేను చేరేసరికి అంకె తొమ్మిది.

దినకార్యాలు అయిన తర్వాత ప్రయోగశాలకి వెళ్ళాను. ఫిలోమినా పట్టిక తెరిచి పెట్టి నా కోసం ఎదురుచూస్తోంది.

"మీ అన్నయ్యని తీసేసి లెక్కిద్దామా? సొంత మనిషిని కలిపారని రేపు ఎవరైనా అనొచ్చు" అంది.

"తీసేస్తే కారణం ఏమని రాస్తాం?"

"నువ్వు ఉండక్కర్లేదు. నేను ఎక్కిస్తాను."

"వద్దు" అన్నాను. నేనే ఎక్కించాను. పట్టికలో పేర్లు ఉండవు, వరుస సంఖ్యలే. నలభై ఒకటో వరుసలో ఖాళీగా ఉన్న గడిలో తేదీ కొట్టాను. పైన ఎనిమిది ఉన్న చోట తొమ్మిది అయింది. ఫిలోమినా లెక్క నడిపింది. సందేహం నూటికి మూడు పాళ్ళ లోపుకి దిగింది.

డాక్టర్ కుముద మాట నిలబెట్టుకుంది. మూడు వారాల్లో కమిటీ కూర్చుంది, డెబ్బై అయిదు హద్దు తీసేశారు. ఆ కబురు చెప్పడానికి ఆవిడ నన్ను పిలిపించి, చెయ్యి కలిపింది.

"మీ అన్నయ్య గారి కాగితాలు వెంటనే పంపండి. ఈసారి నేనే దగ్గరుండి చూస్తాను."

ఆవిడకి తెలియదు. బల్ల మీదున్న పట్టికలో నలభై ఒకటో వరుస మీద వేలు పెట్టి చూపించాను. ఆవిడ ఆ వరుస చదివింది. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. నేను నమస్కారం పెట్టి వచ్చేశాను.

హద్దు తీసేశాక అనుమతి వచ్చిన మొదటి మనిషి గాజువాకలో ఉండే నూకరత్నం. కుట్టుపని చేసుకుని బతుకుతుంది, వెంట వచ్చేవాళ్ళు లేరు. ఫోన్లు చేసేటప్పుడు పరిచయమై వదినతో రోజూ మాట్లాడేది. అందుకని ఆపరేషన్ రోజు వదినే ఆమెని ఆసుపత్రికి తీసుకెళ్ళింది. నేనూ వెళ్ళాను. డాక్టర్ ఇర్ఫాన్ వచ్చి ఆమెకి రెండు మాటలు ధైర్యం చెప్పి లోపలికి వెళ్ళాడు. వదినా నేనూ బయట బెంచీ మీద కూర్చున్నాం.

"హైమా, ఒక సంగతి అడుగుతాను, దాచకుండా సెప్పు" అంది వదిన.

"అడుగు వదినా."

"మీ అన్నయ్య బతికుంటే లెక్క తేలేది కాదు కదా."

ఆవిడకి ఎవరు చెప్పారో తెలియదు. ఫోన్లు చేస్తూ తనే గ్రహించి ఉంటుంది. "అప్పుడే తేలేది కాదు" అన్నాను.

"మరెప్పుడు తేలేది?"

నేను తలవంచుకున్నాను. "ఐదేళ్ళు నిండనివాళ్ళు నలుగురున్నారు. ఆ నలుగురిలో ఇంకెవరైనా పోతే తేలేది."

వదిన లెక్క పెట్టుకుంటున్నట్టు వేళ్ళు ముడిచింది. ఆ నలుగురికీ ఫోన్ చేసింది ఆవిడే. అన్నయ్య పోగా ముగ్గురు. వాళ్ళ పేర్లూ, ఇళ్ళూ, పిల్లలెందరో కూడా ఆవిడకి తెలుసు.

స్ట్రెచర్ మీద నూకరత్నాన్ని వార్డులోంచి బయటికి తీసుకొచ్చి ఆపరేషన్ గది వైపు తోసుకెళ్తున్నారు. ఆ ముగ్గురిలో ఆమె ఒకతె. మమ్మల్ని చూసి, "అక్కా, నేనొచ్చీదాకా ఎల్లిపోకు" అంది.

వదిన లేచి స్ట్రెచర్ పక్కనే నడిచింది. "నేనెక్కడికీ ఎల్లను. నువ్వు దిగులెట్టుకోకు" అంది. గది తలుపులు మూసుకునేదాకా ఆమె చెయ్యి వదల్లేదు.